టెర్రరిస్టులకి అండగా ఉండే దేశం మీదికి దండెత్తడం న్యాయమేనా? ఒక రిటైర్డ్ సుబేదార్ చెప్పే సమాధానం

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివినా. ఒక దేశాన్ని ఏలే ప్రభుత్వమే టెర్రరిస్టులకి డబ్బులు, తుపాకులు, దాక్కునే చోటు ఇస్తా ఉంటే, దెబ్బ తిన్న దేశం సైన్యంతో పోయి ఆ ప్రభుత్వాన్ని కూలగొడితే తప్పేముంది, మా రూంలో నలుగురం ఉంటే ముగ్గురు తప్పే లేదంటారు, నేనొక్కడ్నే డౌటు పడతా ఉండా, నన్ను పిరికోడంటా ఉండారు అని రాసినావు. గ్రూప్ వన్ ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాల అని కూడా అడిగినావు. ఇంటర్వ్యూ సంగతి తర్వాత, ముందు విషయం చూద్దాం.

నేనెవుర్నో రెండు ముక్కల్లో చెప్తా, లేకపోతే ఈయనకేం తెలుసు అంటారు మీ రూమోళ్ళు. మాది పుత్తూరు పక్కన పల్లె. 1985లో ఆర్మీలో చేరినా, ఇంజనీర్ రెజిమెంట్లో 24 ఏళ్ళు చేసి సుబేదారుగా దిగినా. శ్రీలంక పొయినా, 2002లో రాజస్థాన్ బార్డర్లో ఇసక తిన్నా. దిగినాక దూరవిద్యలో ఎంఏ పొలిటికల్ సైన్స్ కట్టి, ఇప్పుడు తిరుపతిలో కోచింగ్ పిలకాయలకి ఇంటర్నేషనల్ రిలేషన్స్ చెప్తా ఉండా. అంటే తుపాకీ పట్టినా, పుస్తకమూ పట్టినా. రెండూ ఒకే మాట చెప్పలేదు గానీ ఈ ఒక్క విషయంలో మాత్రం రెండూ దగ్గర దగ్గరగా వచ్చినాయి.

నా సమాధానం ముందే చెప్పేస్తా. టెర్రరిస్టులకి సపోర్ట్ చేసినారు అన్న ఒక్క కారణం చాలదు. దానివల్ల నిన్ను కొట్టే చెయ్యిని విరగ్గొట్టే హక్కు నీకు వస్తుంది, ఆ ఇల్లు నీదైపోదు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని జనం ఒక్క గంతులో దాటేస్తారు, టీవీ డిబేట్లలో అయితే ఆ గంతు కూడా కనపడదు.

2013 అక్టోబర్ పుత్తూరు సంగతి మీకు గుర్తుండకపోవచ్చు, అప్పటికి మీరు స్కూల్లో ఉంటారు. తమిళనాడు పోలీసులు వెతుకుతున్న మనుషులు మా పుత్తూరులో ఒక అద్దె ఇంట్లో దాక్కోని ఉండారని తెలిసి, రెండు రాష్ట్రాల పోలీసులొచ్చి వీధంతా చుట్టుముట్టినారు. లోపల ఆడమనిషి, చిన్న పిల్లలు కూడా ఉండారు. ఒక పోలీసాయనకి బాగా దెబ్బలు తగిలినాయి, వాళ్ళకి ఎంత కోపం ఉంటుందో ఆలోచించు. అయినా గంటల తరబడి కాచుకోని, పిల్లల్ని, ఆ తల్లిని బయటికి రప్పించి, ఆ మనుషుల్ని ప్రాణాల్తో పట్టుకున్నారు. ఇల్లు పేల్చేయొచ్చు గదా అని ఆ రోజు మా ఊళ్ళో అన్నోళ్ళూ ఉండారు, ఆ వీధిలో కాపురం ఉన్నోళ్ళు మాత్రం ఒక్కరూ అన్లేదు. అద్దెకిచ్చిన ఓనరు సంగతేందని టీ అంగళ్ళ దగ్గర పెద్ద రచ్చ జరిగింది. తెలిసి ఇచ్చినాడా, తెలీక ఇచ్చినాడా, అనుమానం వచ్చినా బాడుగ వస్తుంది గదా అని గమ్మునున్నాడా. ఈ మూడూ ఒకటి కాదని టీ అంగడి కాడ కూర్చున్నోళ్ళకి కూడా తెలుసు. దేశాల విషయానికొచ్చేసరికి మాత్రం ఆ తేడా మర్చిపోతాం.

ఎందుకంటే "సపోర్ట్" అనే మాటలో చాలా సైజులు ఉండాయి. తన బార్డర్లో యాడో కొండల్లో గుంపు ఉంటే పట్టుకునే శక్తి లేక వదిలేసిన ప్రభుత్వం ఒకటి. శక్తి ఉండి కూడా కళ్ళు మూసుకునేది ఇంకొకటి. డబ్బులిచ్చేది, తుపాకులిచ్చేది, క్యాంపు పెట్టి ట్రైనింగిచ్చేది, చివరికి ఫలానా రోజు ఫలానా చోట కొట్టు అని ఆర్డరేసి పంపేది. ఈ ఆఖరుదైతే అది సపోర్ట్ కాదు, యుద్ధమే, యూనిఫాం తీసేసి చేసే యుద్ధం. మొదటిదైతే అది చేతగానితనం. రెంటికీ ఒకే శిక్ష వేస్తామంటే అది న్యాయం గాదు, కోపం.

చట్టం కూడా ఇంచుమించు ఇదే అంటుంది. ఐక్యరాజ్యసమితి చార్టర్లో రెండో ఆర్టికల్ నాలుగో క్లాజు ఇంకో దేశం మీద బలం వాడొద్దంటుంది, 51వ ఆర్టికల్ మాత్రం సాయుధ దాడి జరిగితే ఆత్మరక్షణ చేసుకోవచ్చు అంటుంది. గొడవంతా ఆ "సాయుధ దాడి" అన్న మాట కాడనే. 1986 జూన్‌లో అమెరికా మీద నికరాగువా వేసిన కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం ఏమన్నదంటే, ఒక దేశం సాయుధ గుంపుల్ని తనే పంపి పెద్ద ఎత్తున దాడి చేయిస్తే అది సాయుధ దాడి కిందికి వస్తుంది, ఉత్తగా ఆయుధాలిచ్చి, సరుకులిచ్చి సాయం చేస్తే అది తప్పే, చట్టవిరుద్ధమే, కానీ సాయుధ దాడి అంతటిది కాదు అన్నది. ఎల్ సాల్వడార్ తిరుగుబాటుదార్లకి నికరాగువా ఆయుధాలు పంపుతోంది కాబట్టే మేం కలగజేసుకున్నాం అన్నది అమెరికా వాదన, అది నిలబడలేదు. నీ ప్రశ్నకి సూటిగా సరిపోయే కేసు ఇదే, బాగా గుర్తుపెట్టుకో.

దీనికన్నా నాకు జాస్తి నచ్చింది అదే కోర్టు 2005 డిసెంబర్‌లో ఇచ్చిన తీర్పు. కాంగో మట్టి మీంచి రెబెల్స్ వచ్చి మా ఊళ్ళ మీద పడతా ఉండారు అని ఉగాండా కాంగోలోకి సైన్యాన్ని పంపింది. రెబెల్స్ దాడులు అబద్ధం కాదు. కోర్టు ఏమన్నదంటే, ఆ దాడులు కాంగో ప్రభుత్వం చేయించినట్టు రుజువు లేదు, పైగా బార్డర్ నుంచి వందల కిలోమీటర్లు లోపలికి పోయి ఎయిర్‌పోర్టులు, టౌన్లు పట్టుకున్నారే, బార్డర్ దాడుల్ని ఆపడానికి అంత లోపల మీకేం పని అని. చివరికి 2022లో ఉగాండా 32.5 కోట్ల డాలర్లు నష్టపరిహారం కట్టాలని తీర్పొచ్చింది. బార్డర్ కాపాడుకోవడానికి పోతా ఉండాం అని చెప్పి బయల్దేరిన సైన్యం ఎంతదాకా పోయి ఆగిందో చూడు, దాని మనసులో ఏముందో తెలిసిపోతుంది. ఆ యుద్ధంలో కాంగో బంగారం, వజ్రాలు దోచుకున్న పాపం కూడా కోర్టు ఉగాండాకే రాసింది మరి.

మీ రూంలో ముగ్గురూ ఇక్కడ లేస్తారు, ఆ కోర్టుల్ని ఎవుడు లెక్కజేస్తాడన్నా అని. సరే, కోర్టు పక్కన పెట్టు, చరిత్ర చూడు. 1914 జూన్ 28న సారయేవోలో ఆస్ట్రియా యువరాజుని, ఆయన భార్యని కాల్చి చంపినారు. చంపిన కుర్రాడికి, వాడి స్నేహితులకి తుపాకులిచ్చి బార్డర్ దాటించింది సెర్బియా సైన్యంలో వాళ్ళే, వాళ్ళని నడిపిన ఒక రహస్య గుంపు వెనకున్నోడు సాక్షాత్తు సెర్బియా మిలిటరీ ఇంటెలిజెన్స్ పెద్ద. అంటే నీ ప్రశ్నలో ఉన్న కేసు అచ్చంగా ఇదే, ఊహ కాదు, అనుమానం కాదు, సంబంధం నిజంగానే ఉన్నింది. జూలై 23న ఆస్ట్రియా అల్టిమేటం ఇచ్చింది, సెర్బియా దాంట్లో చాలావరకు ఒప్పుకున్నది, తన గడ్డ మీద ఆస్ట్రియా అధికార్లు దర్యాప్తు చేస్తారన్న దాన్ని మాత్రం కాదన్నది. 28న యుద్ధం ప్రకటించినారు. నాలుగేళ్ళ తర్వాత చూస్తే ఆస్ట్రియా హంగరీ అనే సామ్రాజ్యమే మ్యాపులో లేదు. ఆస్ట్రియాకి బాధ లేదని గానీ, సెర్బియా తప్పు చెయ్యలేదని గానీ నేననడం లేదు. తప్పు వాళ్ళదే అయినా, దానికి కట్టిన రేటు ఎవురు కట్టినారో చూడమంటున్నా.

ఇంకో సంగతి. ఎవుడు టెర్రరిస్టో, ఎవుడు సపోర్ట్ చేస్తా ఉండాడో తేల్చేది ఎవురు? అమెరికా 1979లో టెర్రరిజాన్ని పోషించే దేశాలు అని ఒక లిస్టు మొదలుపెట్టింది. లిబియా, ఇరాక్, దక్షిణ యెమెన్, సిరియా, ఈ నాలుగు అప్పట్లో. 1982లో ఇరాక్‌ని ఆ లిస్టు నుంచి తీసేసినారు. ఏం, సద్దాం హుసేన్ మారిపొయినాడా? ఇరాన్‌తో కొట్లాడతా ఉండాడు కాబట్టి అప్పుడు పనికొచ్చినాడు. 1990లో కువైట్ మీద పడినాక మళ్ళీ లిస్టులో ఎక్కించినారు. మరి పాకిస్తాన్ ఆ లిస్టులో ఒక్కసారి కూడా ఎక్కలేదు, బిన్ లాడెన్ 2011లో అబోటాబాద్‌లో, వాళ్ళ మిలిటరీ అకాడమీకి కూతవేటు దూరంలో దొరికినాక కూడా ఎక్కలేదు. అట్లాంటి లిస్టు చూసి దండెత్తే హక్కు ఇస్తే, జడ్జీ, ఫిర్యాదుదారుడు, తలారి ముగ్గురూ ఒక్కడే అవుతాడు.

మన సంగతి కూడా మాట్లాడుకుందాం, ఇది చాలామందికి రుచించదు. 1971లో తూర్పు పాకిస్తాన్, అంటే ఇప్పటి బంగ్లాదేశ్, కోసం కొట్లాడిన ముక్తి బాహినికి మనమే ట్రైనింగిచ్చినాం, మన గడ్డ మీదనే. ఆ ముక్తి బాహిని వాళ్ళని పాకిస్తాన్ దుండగులు అన్నది, మనం స్వాతంత్ర్య యోధులు అన్నాం. నేను మనం చేసింది కరెక్టే అంటా, అక్కడ జరిగిన ఊచకోత అట్లాంటిది, కోటిమంది దాకా శరణార్థులు మన మీద పడినారు. కానీ 1983 తర్వాత శ్రీలంక తమిళ గుంపులకి మన దేశంలో క్యాంపులు పెట్టి తుపాకులు పట్టడం నేర్పినాం గదా, దాన్నేమంటావు? తమిళనాడులో అది బహిరంగ రహస్యం, మాకు అరవం వచ్చు, పుత్తూరు, నగరి బస్టాండుల్లో కూడా ఆ మాటలు వినపడేవి అప్పట్లో. "సపోర్ట్ చేస్తే దండెత్తొచ్చు" అన్నది రూలైతే ఆ రోజుల్లో శ్రీలంకకి మన మీద దండెత్తే హక్కు ఉన్నట్టే. వాళ్ళకి ఆ బలం లేదు కాబట్టి రాలేదు. అంటే మీ రూమోళ్ళు చెప్పేది న్యాయం గాదు, బలం ఉన్నోడికి మాత్రమే పనికొచ్చే సౌకర్యం. పాముకి పాలు పోసిన ఫలం యాడ తేలిందో తెలుసు గదా, 1991 మే 21, శ్రీపెరంబుదూరు. తిరుపతి నుంచి మద్రాసుకి పొయ్యే దోవకి ఎంతో దూరం కాదది. తుపాకులిచ్చిన చెయ్యి కూడా చివరికి కాలింది.

ఇప్పుడు వాళ్ళ వైపు వాదన కూడా న్యాయంగా చెప్పాల, లేకపోతే నేను కూడా టీవీ యాంకర్నే అవుతా. వాళ్ళ వాదనలో బలం ఉండాది. సార్వభౌమాధికారం అనేది హక్కు మాత్రమే కాదు, బాధ్యత కూడా. 1949లోనే కోర్ఫు ఛానల్ కేసులో ఆ అంతర్జాతీయ కోర్టే చెప్పింది, ఇంకొకరికి హాని చేసే పనులకి తెలిసి తెలిసి నీ గడ్డని వాడనియ్యొద్దని. 1970 ఐక్యరాజ్యసమితి ప్రకటన కూడా టెర్రరిస్టు పనుల్ని పోషించడమే కాదు, చూస్తా ఊరుకోవడం కూడా తప్పే అంటుంది. నా ఇంటి గోడ నాది, నువ్వు దాటకూడదు, నేను మాత్రం గోడ పైనుంచి నీ మీద రాళ్ళేయిస్తా అంటే ఎవుడు ఒప్పుకుంటాడు? ఆ గోడకి మర్యాద ఇవ్వాల్సిన పని కొంత తగ్గుతుంది, దీన్ని నేను ఒప్పుకుంటా. టెర్రరిజం అంటే ఏందో మనకి తెలీదా, 2003 అక్టోబర్ 1న అలిపిరి కాడ ముఖ్యమంత్రి కాన్వాయ్ మీద నక్సలైట్లు మందుపాతర పేల్చినప్పుడు తిరుపతంతా ఎట్లా అల్లాడిందో చూసినోళ్ళం.

ఆ వాదనకి అందరికన్నా బలమైన కేసు 2001 ఆఫ్ఘనిస్తాన్. సెప్టెంబర్ 11న దాదాపు 3,000 మంది చచ్చిపొయినారు. ఆ దేశాన్ని ఏలతా ఉన్న తాలిబాన్, బిన్ లాడెన్ గుంపు అల్ ఖైదా విడదీయలేనంతగా కలిసిపోయినాయి. బిన్ లాడెన్‌ని అప్పగించండని భద్రతామండలి 1999లోనే తీర్మానం చేసి అడిగింది, అప్పటికి ఏడాది ముందే నైరోబీ, దారెస్సలాం ఎంబసీల కాడ 224 మందిని చంపినారు. మళ్ళీ దాడులు జరగవన్న భరోసా లేదు, అడగాల్సినవన్నీ అడిగినారు, ఆత్మరక్షణ హక్కుని సెప్టెంబర్ 12 తీర్మానంలో భద్రతామండలి కూడా గుర్తుచేసింది. అక్టోబర్ 7న అమెరికా మొదలుపెట్టినప్పుడు నేను యూనిఫాంలోనే ఉన్నా, మా లైన్లలో అందరం కరెక్టే అనుకున్నాం, ఇప్పుడు కూడా మొదటి రెండు మూడు నెల్లు కరెక్టే అంటా. ఆ తర్వాతనే తేడా కొట్టింది. బిన్ లాడెన్ తోరాబోరా కొండల్లోంచి తప్పించుకున్నాడు, సైన్యం మాత్రం ఉండిపోయింది. ఎలక్షన్లు, రోడ్లు, పోలీసుల ట్రైనింగు, గవర్నర్లు, ఒకటా రెండా. 20 ఏళ్ళు. 2021 జూలైలో బగ్రామ్ బేసు నుంచి అమెరికా వాళ్ళు రాత్రికి రాత్రి పొయినారు, ఆగస్ట్ 15న కాబూల్లోకి ఎవురొచ్చినారు? అదే తాలిబాన్. దాడిని ఆపడం ఒక పని, దేశాన్ని కట్టడం ఇంకో పని, మొదటి దానికి ఇచ్చిన పర్మిషన్తో రెండో పని మొదలుపెట్టినారు.

2003 ఇరాక్ అయితే ఆ మాత్రం కూడా లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు. సద్దాంకీ అల్ ఖైదాకీ సంబంధం ఉందన్నారు, తర్వాత అమెరికా వాళ్ళే వేసుకున్న 9/11 కమిషన్ కలిసి పనిచేసిన సంబంధమేదీ కనపడలేదని తేల్చింది. సద్దాం మంచోడని కాదు, పాలస్తీనా ఆత్మాహుతి దాడులు చేసినోళ్ళ కుటుంబాలకి డబ్బులు పంపినాడు, అది నిజమే. కానీ దానికోసం ఒక దేశం సైన్యాన్ని మొత్తం రద్దు చేస్తారా? అన్నం పెట్టే ఉద్యోగం పోయిన సైనికులు తుపాకీతో సహా ఇంటికి పొయినారు. సైనికుడికి జీతం ఆపి తుపాకీ చేతిలో వదిలితే ఏమవుతుందో నన్నడుగు, చెప్తా. 2014 జూన్‌లో మోసుల్ ఐసిస్ చేతికి పోయింది, దాని కమాండర్లలో కొందరు సద్దాం పాత ఆఫీసర్లే. టెర్రరిస్టులు లేని చోట టెర్రరిస్టుల్ని పుట్టించినారు.

1982 లెబనాన్ కూడా అట్లాంటిదే. లండన్‌లో ఇజ్రాయెల్ అంబాసిడర్‌ని కాల్చినారు, ఆయన ప్రాణాల్తో బయటపడినాడు. మూడు రోజులకి పీఎల్ఓని, అంటే పాలస్తీనా విమోచన సంస్థని, ఏరేస్తామని ఇజ్రాయెల్ లెబనాన్లోకి దిగింది. కాల్చింది అబూ నిదాల్ గుంపు, వాళ్ళకీ పీఎల్ఓకీ ఆగర్భ శత్రుత్వం! పీఎల్ఓ బేరూత్ నుంచి పోయింది, నిజమే, కానీ ఇజ్రాయెల్ సైన్యం 2000 మే దాకా ఆ దక్షిణ లెబనాన్ బురదలోంచి కాలు తీసుకోలేకపోయింది, ఆ బురదలోనే హిజ్బుల్లా అనే సాయుధ గుంపు మొలిచింది.

నా మాటకి అడ్డమొచ్చే కేసు ఒకటుంది, దాచిపెట్టను. వియత్నాం 1978 డిసెంబర్‌లో కంబోడియా మీదికి పోయి రెండు వారాల్లో పోల్ పాట్ ప్రభుత్వాన్ని పడగొట్టింది. అంతకుముందు పోల్ పాట్ గుంపు ఖ్మేర్ రూజ్ మనుషులు బార్డర్ దాటి వియత్నాం పల్లెల్లో జనాన్ని నరికి చంపినారు. ఆ దండయాత్రతో ఒక మహా ఊచకోత ఆగిపోయింది, ఎవురు కాదంటారు. కానీ చూడు, అక్కడ దాడి చేసింది టెర్రరిస్టు గుంపు కాదు, ఆ ప్రభుత్వపు సైన్యమే, వియత్నాం కూడా బయటికి రావడానికి పదేళ్ళు పట్టింది. 1971లో మనం దీనికన్నా బాగా చేసినాం అనేది నా అభిప్రాయం, పాకిస్తాన్ డిసెంబర్ 3న మన ఎయిర్ఫీల్డుల మీద బాంబులేసినాకనే పూర్తి యుద్ధం, 16కి అయిపోయింది, 1972 మార్చికి మన సైన్యం ఢాకాలో కవాతు చేసి ఇంటికొచ్చేసింది. అక్కడ పగ్గాలు పట్టుకునేదానికి జనం ఓటేసి గెలిపించిన మనుషులు సిద్ధంగా ఉన్నారు కాబట్టి అది కుదిరింది. అట్లాంటి తయారీ ఉన్న చోటు ప్రపంచంలో ఎన్ని ఉంటాయి?

సరే, దండెత్తొద్దంటే మరి చేతులు కట్టుకోని కూర్చోవాల్నా? కాదు. మధ్యలో ఎంత చోటు ఉందో మీ రూమోళ్ళు చూడటం లేదు. 1976లో ఎంటెబీ ఎయిర్‌పోర్టు సంగతి చూడు, ఉగాండాని ఏలే ఈదీ అమీన్ విమానం హైజాక్ చేసినోళ్ళకి నేరుగా కొమ్ముకాసినాడు, ఇజ్రాయెల్ ఏం చేసింది, రాత్రిపూట దిగి వందమందికి పైగా బందీల్ని తీసుకోని తెల్లారేలోపల ఎగిరిపోయింది. ఉగాండాని ఏం చేసుకుంటుంది? లిబియా సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1986లో అమెరికా ప్రెసిడెంట్ రీగన్ లిబియా మీద బాంబులేయించినాడు, 1988లో లిబియా మనుషులు పెట్టిన బాంబుకి స్కాట్లాండ్‌లోని లాకర్బీ మీద విమానం పేలి 270 మంది పొయినారు, అంటే ఆ దేశాన్ని ఏలే గడాఫీ బాంబులకి భయపడలేదు. 1992 నుంచి ఐక్యరాజ్యసమితి ఆంక్షలు, విమానాలు బంద్, ఆయుధాలు బంద్. ఏడేళ్ళు బిగించినాక 1999లో నిందితుల్ని అప్పగించినాడు, 2003లో నష్టపరిహారం ఒప్పుకున్నాడు. నిదానం, టీవీలో చూపించడానికి ఏమీ ఉండదు, కానీ పని జరిగింది. ఆంక్షలు కూడా అన్నిసార్లూ అమృతం కాదులే, సూడాన్ మీద ఒత్తిడి పెడితే 1996లో బిన్ లాడెన్‌ని వెళ్ళగొట్టినారు, వాడు పోయి ఆఫ్ఘనిస్తాన్‌లో ఇంకా గట్టిగా కూర్చున్నాడు.

మన విషయం. 2008లో ముంబైలో పదిమంది వచ్చి 166 మందిని చంపితే మనం దండెత్తలేదు, అది పిరికితనం అంటారు మీవాళ్ళు. నాకు ఆ రోజు రక్తం ఉడికింది, అబద్ధం ఎందుకు. కానీ కసబ్ ప్రాణాల్తో దొరికినాడు, కోర్టులో నిలబెట్టినాం, ప్రపంచం మొత్తానికి సాక్ష్యం చూపించినాం, 2018 నుంచి 2022 దాకా టెర్రరిస్టులకి పొయ్యే డబ్బు మీద కన్నేసే ఎఫ్ఏటీఎఫ్ అనే అంతర్జాతీయ సంస్థ గ్రే లిస్టులో పాకిస్తాన్ ఇరుక్కోని అప్పులకి అల్లాడింది. 2016లో కాశ్మీర్‌లో ఉరి అనే ఊరి కాడ ఆర్మీ క్యాంపు మీద దాడి తర్వాత సర్జికల్ స్ట్రైక్స్, 2019లో పుల్వామాలో 40 మంది పొయినాక బాలాకోట్, 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో 26 మందిని చంపినాక మే 7న ఆపరేషన్ సిందూర్, తొమ్మిది చోట్ల కొట్టి, 10వ తేదీకి కాల్పులు ఆగినాయి. వీటిల్లో ఏదీ లాహోర్ పట్టుకునేదానికి చేసింది కాదు. క్యాంపు ఉంది, కొట్టినాం, ఆగినాం. నేను సమర్థించేది దీన్ని. దీనికీ రేటు ఉంది, ఆ మే నెల్లో మన పక్క సత్యసాయి జిల్లా తండా కుర్రాడు, అగ్నివీర్, బార్డర్లో పొయినాడు. రూంలో కూర్చోని దండెత్తాల అనేటోళ్ళకి ఆ తండా యాడుందో తెలుసా అని అడుగు. ఎదుటోడి దగ్గర అణుబాంబు ఉండే సంగతి ఇంక నేను చెప్పనక్కర్లేదు.

దండెత్తడం కాదు, దండెత్తుతాం అని చెయ్యెత్తి నిలబడటమే ఎంత ఖరీదో నేను 2002లో చూసినా. 2001 డిసెంబర్ 13న పార్లమెంట్ మీద దాడి తర్వాత ఆపరేషన్ పరాక్రమ్. మొత్తం సైన్యం బార్డర్‌కి చేరేసరికి మూడు వారాలు పట్టింది, ఆ లోపల అవతలోడూ వచ్చేసినాడు, ప్రపంచమంతా వచ్చి మధ్యలో కూర్చుంది. మా పని మైన్లు పాతడం. రాజస్థాన్ ఇసక గాలికి కదుల్తుంది, దాంతో మైనూ కదుల్తుంది, మ్యాపులో ఒక చోట, నేలలో ఇంకో చోట. పది నెల్ల తర్వాత తీసేయమన్నారు. పాతేటప్పుడు పొయినోళ్ళు, తీసేటప్పుడు పొయినోళ్ళు, బండ్లు బోల్తా పడి పొయినోళ్ళు, ఒక్క తూటా పేలకుండా వందల మంది. మా సెక్షన్లో ఒకడు మదనపల్లి పక్కనోడు, కాలు పోయింది. వాడి పొలం లాంటి పొలంలోనే పోయింది, ఎవుడో రైతు జొన్న ఏసుకునే చేను. ముషారఫ్ జనవరి 12న ఒక స్పీచ్ ఇచ్చినాడు, ఐదు గుంపుల్ని బ్యాన్ చేసినా అన్నాడు, నాలుగు నెల్లకి జమ్మూ కాడ కాలూచక్‌లో మన జవాన్ల ఆడోళ్ళని, పిల్లల్ని చంపినారు. యుద్ధానికి పోవాల్సింది అని కొందరంటారు, మైన్లు పాతినోడిగా నాకు ఆ మాట నోటికి రాదు.

ఇంటర్వ్యూలో అడిగితే బోర్డు వాళ్ళకి కావాల్సింది అవును కాదు అని ఒక్క ముక్క కాదు. నాలుగు ప్రశ్నలు అడుగుతావా అని చూస్తారు. సపోర్ట్ ఏ సైజుది, రుజువు ఎవురి చేతుల్లో ఉంది, ఇంకా దాడులు జరగబోతా ఉండాయా లేక అయిపోయిన దానికి పగ తీర్చుకుంటా ఉండామా, తెల్లారి ఆ ఊరికి నీళ్ళొదిలేది ఎవురు. చివరి ప్రశ్న నవ్వులాటగా ఉంటుంది గానీ, నేను అడిగేది నిజంగానే నీళ్ళ గురించి.

1987 జూలై 29న కొలంబోలో మనకీ శ్రీలంకకీ ఒప్పందం అయింది, మరుసటి రోజు నుంచి మన సైన్యం జాఫ్నాలో దిగింది. అది దండయాత్ర కూడా కాదు, వాళ్ళ ప్రెసిడెంట్ పిలిస్తేనే పోయింది. జనం పూలదండలేసినారు. అక్టోబర్‌కల్లా అదే వీధుల్లో మన మీద మందుపాతర్లు పేలినాయి, మనం నేర్పిన చేతులతోనే. నేను 1988లో పొయినా. మాకు అరవం వచ్చు కాబట్టి సోదాల్లో నన్ను ముందు నిలబెట్టేవాళ్ళు, తలుపు కొట్టి మాట్లాడమని. మిగతా టైంలో పంపుసెట్లు, కల్వర్టులు, కరెంటు వైర్లు బాగుచెయ్యడం. ఒక ఊళ్ళో బావి మోటరు మూడుసార్లు బాగుచేసినాం, రెండుసార్లు పేల్చేసినారు. అక్కడొక ముసలామె నీళ్ళ బిందె పట్టుకోని నన్నడిగింది, తుపాకులు మీరే ఇచ్చినారు, ఇప్పుడు తుపాకులు యాడ అని మీరే నా ఇంట్లో వెతుకుతా ఉండారు, నీకు సిగ్గుగా లేదా నాయనా అని. మా హిందీ ఆఫీసరు ఏమంటోంది అని అడిగినాడు. మోటరు ఎప్పుడు వస్తుందని అడుగుతా ఉంది సార్ అన్నా.

దాదాపు 1,200 మందిని అక్కడ వదిలిపెట్టి 1990 మార్చిలో తిరిగొచ్చినాం. మద్రాసులో ఓడలు వచ్చినప్పుడు రిసీవ్ చేసుకునేదానికి తమిళనాడు ముఖ్యమంత్రి రాలేదు, రాను అని చెప్పి మరీ రాలేదు. లీవు దొరికి తిరుపతి బస్సెక్కితే పక్కన తిరుమలకి పొయ్యే ఒక కుటుంబం కూర్చుంది, పెద్దాయన నా ట్రంకుపెట్టె చూసి యాడ్నించి వస్తా ఉండావు తంబీ అని అడిగినాడు. రామేశ్వరం అని చెప్పినా.